ఒకరి ఫ్రేములో ఒకరు

ముందుమాట కోసం ఇంతకాలంలో నా దగ్గరికి కవులు వచ్చారు, కథకులు వచ్చారు, రిటైరయ్యాక ఆత్మకథ రాసుకున్న అధికారులు వచ్చారు. పత్రికా ఫొటోగ్రాఫర్లు రావడం ఇదే మొదలు. అదీ ఒకరి కోసం కాదు, పన్నెండుమంది తరఫున నలుగురు వచ్చి కూర్చున్నారు. ఆ నలుగురూ పనిచేసిన పత్రికలకు ఒకదాని పొడ ఒకదానికి గిట్టేది కాదు. ఒకరి మొదటి పేజీ చూసి ఇంకొకరి ఆఫీసులో అక్షింతలు పడిన రోజులు నాకు బాగా తెలుసు. "మా ఫొటోలు అందరికంటే ఎక్కువ కోసింది మీరే సార్, కాబట్టి మీరే రాయాలి" అన్నాడు వాళ్ళలో పెద్దవాడు. కోసిన మాట నిజమే. మూడు కాలాల జాగాలో ఊరేగింపు మొత్తం పట్టదు. ఆకాశం కోస్తాం, రోడ్డు కోస్తాం, మిగిలిన తలకాయలు వేస్తాం. మళ్ళీ అదే ఉద్యోగం ఇచ్చినా అదే చేస్తాను. అయితే కోయకముందు ఆ ఫొటో ఎలా ఉండేదో పాఠకుడికి ఎప్పుడో ఒకప్పుడు చూపించాల్సిందే. ఈ పుస్తకం ఆ పనికి పూనుకుంది. ఇందులో ఒక్క ఫొటో కూడా అంచులు కోసి వేయలేదు.

పోటీ పత్రికల వాళ్ళు ఒక్కటై పుస్తకం వేశారంటే బయటివాళ్ళకి వింతగా ఉండొచ్చు. డెస్కులో కూర్చున్నవాళ్ళకి వింత కాదు. వీళ్ళు కలిసి పనిచేయడం ఎప్పుడూ ఉన్నదే, కలిసి పేర్లు వేసుకోవడమే ఇప్పుడు కొత్త. రిపోర్టరు సభకి గంట ఆలస్యంగా వెళ్ళినా పక్కవాణ్ణి అడిగి వార్త రాసేస్తాడు. ఫొటోగ్రాఫరు పది నిమిషాలు ఆలస్యమైతే అతనికి దొరికేవి ఖాళీ కుర్చీలే. ఇవాళ నా బండి పంక్చరైతే రేపు నీది అవుతుంది. ఆ భయం అందరికీ ఉంది కాబట్టి స్పాట్‌లో ఒకరినొకరు చూసుకునేవాళ్ళు. ఫ్లాష్ బ్యాటరీ అయిపోతే పక్కవాడిచ్చేవాడు. రోల్ అయిపోతే రోల్ చేబదులు. లాఠీచార్జిలో పోలీసు ఒకరి కాలరు పట్టుకుంటే మిగతా కెమెరాలన్నీ ఆ పోలీసు మీదికి తిరిగేవి. కాలరు వదిలేవాడు. హైదరాబాద్‌లో తీసిన రోల్ బెజవాడ ఎడిషన్‌కి చేరాలంటే సికింద్రాబాద్ స్టేషన్‌కి పోయి గోల్కొండ ఎక్స్‌ప్రెస్ గార్డుని బతిమాలుకోవాలి. నాలుగు పత్రికల కవర్లూ ఒక్కడే పట్టుకెళ్ళి ఒకే గార్డు చేతిలో పెట్టిన రోజులు బోలెడు. మర్నాడు ఆ నాలుగు పత్రికలూ 'ప్రత్యేక ఛాయాచిత్రం' అని ఎవరికి వారు వేసుకునేవి.

ఈ సంగతి పుస్తకంలో ఎక్కడా మాటల్లో రాయలేదు గాని ఫొటోల్లో ఉంది. 1983 జనవరి 9న లాల్ బహదూర్ స్టేడియంలో ఎన్.టి.రామారావు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. రాజ్‌భవన్ గోడల మధ్య జరిగే తంతు జనం నడిమికి రావడం అప్పటికి కొత్త. ఆ రోజువి ఎదురెదురు పేజీల్లో నాలుగు ఫొటోలున్నాయి, నలుగురు తీసినవి. మొదటిది వేదిక పక్కనుంచి. రెండోది ఎదురుగా, బాగా దూరంనుంచి తీసింది. వేదిక అగ్గిపెట్టంత కనిపిస్తుంది, ముందంతా తలలే. ఆ తలల మధ్య, ఎడమ పక్కన, సర్వీ కర్రల కంచె మీద ఒక కాలు ఆనించి ఒకతను కెమెరా తలపైకెత్తి గుడ్డిగా నొక్కుతున్నాడు. అతను అలా నొక్కిన ఫొటోయే మూడోది. కొంచెం వంకరగా ఉంది, కింది సగం ఎవరిదో తలపాగా. నాలుగోది వేదిక మీదినుంచి జనం వైపు తిరిగి తీసింది. అందులో మొదటి ఫొటో తీసినాయన వీపు ఉంది.

నెగెటివ్‌లు స్కాన్ చేస్తున్నప్పుడు ఎవరో ఇది పసిగట్టారట. ఆ సరదాతో మొత్తం పుస్తకమంతా వెతికారు. చివర ఇచ్చిన సూచికలో నాయకుల పేర్ల కంటే ముందు, ఏ ఫొటోగ్రాఫరు ఎవరి ఫ్రేములో ఏ పేజీలో దొరికాడో ఉంది. ఊళ్ళో అందరినీ తీసినవాడికి తాను పనిలో ఉన్న ఫొటో ఒక్కటీ ఉండదు. శాలువా కప్పించుకుంటున్నది ఉంటుంది, అంతే. వీళ్ళకి ఆ ఫొటో పోటీ పత్రికవాడి నెగెటివ్‌లో దొరికింది. ఈ పుస్తకంలో నాకు అన్నిటికన్నా నచ్చినవి ఆ సూచిక రెండు పేజీలే.

1977 నవంబర్ 19న దివిసీమ మీదికి వచ్చిన ఉప్పెనకి ఆరు పేజీలిచ్చారు. పదివేలమందికి పైగా పొట్టనపెట్టుకున్న ఉప్పెన అది. ఆ పేజీల్లో నేను ఎక్కువసేపు ఆగింది ఒక కాంటాక్ట్ షీటు దగ్గర. ఈ కాలం పిల్లల కోసం చెబుతున్నాను. రోల్ కడిగి ఆరబెట్టాక ఆ నెగెటివ్ ముక్కల్ని బ్రోమైడ్ కాగితం మీద నేరుగా పరిచి, పైన గాజు పలక పెట్టి, లైటు వేసి తీసే ప్రింటుని కాంటాక్ట్ షీటు అంటారు. ఏది వేయాలో దాన్ని చూసే తేల్చేవాళ్ళం. ఈ రోల్ 120 సైజుది, యాషికా మ్యాట్‌లో తీసింది. మొత్తం పన్నెండు ఫ్రేములు, రెండుంపావు అంగుళాల చదరాలుగా, తీసిన వరసలోనే ఉన్నాయి.

ఇవాళ పెళ్ళిలో తాళి కట్టేలోపు రెండొందలు నొక్కుతున్నారు. ఆ రోజు తెగిన గట్ల మీద నడిచి, బురదలో దిగి నాగాయలంక వైపు పోయిన మనిషి సంచిలో రెండే రోళ్ళున్నాయి. మొదటి రెండు ఫ్రేములు మొవ్వులు విరిగిన తాడిచెట్లు. మూడోది పొగబారి పోయింది, కెమెరాలోకి తడి చేరిందేమో. నాలుగు, ఐదు, ఆరు శవాలు. ఐదో ఫ్రేము పత్రికలో వచ్చింది. ఏడో ఫ్రేములో బతికినవాడొకడున్నాడు. ఎండ బాగా కాసినట్టుంది, నీడ నల్లగా పడింది. నడివయసు మనిషి, ఒంటి మీద గోచీ తప్ప ఏమీ లేదు. గట్టు మీద గొంతుక్కూర్చుని కాగితాలు ఆరబెడుతున్నాడు. ఎగిరిపోకుండా ఒక్కోదాని మీద ఒక్కో పెంకుముక్క పెట్టాడు. ఇప్పుడు పెద్ద ప్రింటు వేశాక ఒక కాగితం మీద స్టాంపు ముద్ర గుర్తుపట్టగలుగుతున్నాం. భూమి దస్తావేజులో, ప్రోనోట్లో. తనకు రావలసిన బాకీవో, తాను తీర్చవలసినవో. ఎనిమిదో ఫ్రేము అదే మనిషి, ఇంకొంచెం దగ్గర్నించి. అప్పటికీ అతను తలెత్తి కెమెరా వైపు చూడలేదు. తొమ్మిదినుంచి మళ్ళీ శవాలు.

ఆ ఏడో ఫ్రేము నలభయ్యేళ్ళకు పైగా అచ్చుకి నోచుకోలేదు. ఆ రోజు డెస్కులో ఎవరున్నా ఐదోదే వేస్తారు. హైదరాబాద్‌కీ దిల్లీకీ ఆ పూట కనిపించాల్సింది అదే. సాయం కదలాలంటే చావు కనపడాలి, మన దేశంలో ఏలుబడి అలాంటిది. ఈ పుస్తకంలో ఏడో ఫ్రేముని నిండు పేజీకి పెట్టి, ఐదోదాన్ని కాంటాక్ట్ షీటులో చదరంగానే వదిలేశారు. పుస్తకంతో పాటు పెట్టబోయే ప్రదర్శనలో కూడా శవాల ఫొటోలు పెద్దవి చేయకూడదని అనుకున్నారట. ఇద్దరు ఒప్పుకోలేదని విన్నాను. జనం చూడలేరని దాచేస్తే ఉప్పెన ఎంతటిదో తెలిసేదెలా అన్నది ఆ ఇద్దరి వాదన. తీసిపారేయదగ్గ వాదన కాదు. అయినా నేను మిగతా పదిమంది వైపే. ఆ శవాలకు పేర్లున్నాయి. చూసి గుర్తుపట్టే కొడుకో మనవడో ఇంకా అవనిగడ్డ చుట్టుపక్కల ఉండే ఉంటాడు.

ఆనాటి ఫొటోల్ని మనం అసలు చూశామా అని కూడా ఒక అనుమానం. జింకు బ్లాకు చేయించి, అంగుళానికి 65 చుక్కల వరసలు పట్టే ముతక స్క్రీనుతో న్యూస్‌ప్రింట్ మీద కొట్టేవాళ్ళు. కాగితం సిరా పీల్చుకుని కళ్ళూ మీసాలూ ఏకమైపోయేవి. ప్రతి ఫొటో కిందా 'ఎడమనుంచి కుడికి' అని పేర్లు రాసే ఆచారం ఊరికే రాలేదు. రాయకపోతే మంత్రి ఎవరో, దండ వేసింది ఎవరో తేలేది కాదు. ఆఫ్‌సెట్ వచ్చాక కొంత తేటపడినా, పాత బ్లాకుల కాలానిది మళ్ళీ వేసి చూసినవాడు లేడు. జిల్లాలనుంచి వచ్చిన ఫొటోలకైతే ఆఫ్‌సెట్ తరవాతా అదే గతి, లోపలి పేజీలో డబుల్ కాలం. 1985లో కారంచేడులో దళితుల మీద దాడి జరిగాక బాధితులు చీరాల చర్చి ఆవరణలో తలదాచుకున్నప్పటి ఫొటో ఒకటి ఇందులో ఉంది. పత్రికలో అది గుంపు ఫొటో. ఇక్కడ గుంపు కాదు. ఒక్కొక్కరూ ఒక్కో వైపు చూస్తున్నారు. ముందు వరసలో ఒకావిడ ఒళ్ళో ఇత్తడి చెంబు ఉంది. ఆవిడ చుట్టుపక్కల ఇంకే సామానూ లేదు.

ఇక నెగెటివ్‌ల వేట గురించి వీళ్ళు చెప్పింది వింటే ఇంకో పుస్తకం అవుతుంది. ఒకాయన ఇంట్లో అటక మీద, బీరువా అడుగున, బిస్కెట్ డబ్బాల్లో. బెజవాడ ఉక్కకి బూజు పట్టి కొన్ని, ఒకదానికొకటి అతుక్కుపోయి కొన్ని, ఫిల్ము చెడిపోయి వెనిగర్ వాసన కొడుతూ కొన్ని. అమెరికాలో కొడుకు దగ్గరుంటున్న ఒకాయన వాటిని పోస్టులో పంపడానికి మనసొప్పక చేతిసంచిలో పెట్టుకుని తనే విమానమెక్కి వచ్చాడు. ఎయిర్‌పోర్టులో ఎక్స్‌రేలో పెట్టనివ్వనని కాసేపు గొడవపడ్డాడట. కడిగిన ఫిల్ముని ఎక్స్‌రే ఏమీ చేయదు, ఆ సంగతి ఆయనకీ తెలుసు. తెలిసినా పెట్టనివ్వడు. పేరెందుకు గాని ఒక పత్రిక ఆఫీసు మారినప్పుడు పాత నెగెటివ్‌లని వెండి తీసేవాళ్ళకి కిలోల లెక్కన అమ్మేసింది. ఈ పన్నెండుమందిలో ఒకరి పదిహేనేళ్ళ పని ఆ మూటల్లో పోయింది. అందుకే పుస్తకంలో ఆయనవి మిగతావాళ్ళ కంటే తక్కువ కనిపిస్తాయి.

లాలా దీన్‌దయాళ్ సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి ఆరో నిజాం దర్బారు ఫొటోలు తీసి నూరేళ్ళు దాటింది. ఆయన గాజు ప్లేట్లు ఇవాళ దిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి. దర్బారు ఫొటోలకి అంత రక్షణ ఉంది. ధర్నాచౌక్ ఫొటోలకి మాత్రం బిస్కెట్ డబ్బాలే.

ఇంకా విచిత్రం, 1977 నెగెటివ్ దక్కింది, 2003లో తీసినవి చాలావరకు దక్కలేదు. డిజిటల్ కెమెరాలు వచ్చిన తొలి ఏళ్ళలో మెమరీ కార్డు ఖరీదు ఎక్కువ. రాత్రి ఫొటో పంపగానే మర్నాటి డ్యూటీకి కార్డు ఖాళీ చేసేవాళ్ళు. ముందుచూపున్నవాళ్ళు సీడీల్లో ఎక్కించారు, ఆ సీడీలు ఇప్పుడు తెరుచుకోవడం లేదు. తెరుచుకున్నా చిక్కే. 1999లో వచ్చిన నికాన్ డీ1తో తీసిన ఫొటోలో ఉండేవి 27 లక్షల చుక్కలు. మంచి అచ్చుకి అంగుళానికి 300 చుక్కలు కావాలి, ఆ లెక్కన ఫొటో వెడల్పు ఏడంగుళాలకి చేరదు. ఈ పుస్తకంలో ఆ అయిదారేళ్ళ ఫొటోలు చిన్నవిగా ఉండటానికి కారణం ఇదే, పేజీలు కట్టినవాళ్ళ పిసినారితనం కాదు. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కరెంటు చార్జీల ఉద్యమం మీద కాల్పులు జరిగిన నాటి ఫొటో నిండు పేజీకి నిలబడిందంటే, తీసినాయన అప్పటికింకా ఫిల్ము వదలకపోవడం వల్లే.

హక్కుల గురించి నలుగురూ కాస్త బెరుకుగా అడిగారు. పత్రికలో జీతం తీసుకుని తీసిన ఫొటోలు సొంతంగా వేసుకోవచ్చా అని. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ఈ విషయంలో వీళ్ళ పక్షాన ఉంది. వేరే ఒప్పందం లేనప్పుడు, పత్రికలో ప్రచురించుకునే హక్కు యజమానిది, తక్కిన అన్ని విధాలా తొలి హక్కుదారు పని చేసినవాడు. మన దగ్గర చాలామంది జర్నలిస్టులు ఉద్యోగంలో చేరిన రోజున ఏ కాగితం మీద సంతకం పెట్టారో చూసుకోరు, ఈ సెక్షనూ చదవరు. చదివిన లాయరు ఒకరు దొరకబట్టి ఈ పుస్తకం వచ్చింది.

హుస్సేన్‌సాగర్ పేజీల దగ్గర మాత్రం వీళ్ళ స్నేహానికి పరీక్ష ఎదురైంది. 1990 మార్చి 10న బుద్ధ విగ్రహాన్ని తీసుకెళ్తున్న పంటు ఒరిగి విగ్రహం నీళ్ళపాలైంది. మళ్ళీ పైకి తీసి 1992 డిసెంబర్ 1న నిలబెట్టారు. 2011లో అదే మార్చి 10న, అదే సాగర్ గట్టు ట్యాంక్‌బండ్ మీద ప్రత్యేక తెలంగాణ కోసం మిలియన్ మార్చ్ జరిగింది, గట్టు మీది విగ్రహాలు కూలాయి. రెండూ ఎదురెదురు పేజీల్లో ఉన్నాయి. ఎడమ పేజీలో, పొద్దుగూకే వేళ గట్టు మీద నిలబడి నీళ్ళవైపు చూస్తున్న జనం. కుడి పేజీలో ఒక పీఠం, దాని మీద పాదాలు మాత్రమే మిగిలాయి. రెండో ఫొటో క్యాప్షన్ దగ్గర తెలంగాణవాళ్ళకీ కోస్తావాళ్ళకీ పొసగలేదు. ఒక వాక్యం కోసం వారం రోజులు ఫోన్లలో నడిచిందట. చివరికి ఒకరిది పైన, ఒకరిది కింద, రెండు క్యాప్షన్లూ వేశారు. ఒకదాంట్లో 'ఆగ్రహం' ఉంది, ఒకదాంట్లో 'విధ్వంసం' ఉంది. నేనైతే రెండింటినీ కొట్టేసి, ఏ విగ్రహం, ఎన్ని గంటలప్పుడు, పక్కన ఎవరున్నారు అని రాయించేవాణ్ణి. కానీ ఇది నా డెస్కు కాదు. ఒకే ఫొటోని ఇద్దరూ తమదిగా ఒప్పుకుని, దాని అర్థం దగ్గర విడిపోయి, ఆ విడిపోవడాన్ని అచ్చులో ఉంచుకున్నారు. రాష్ట్రం రెండయ్యాక ఇలా ఒకే పేజీ మీద తగాదా పెట్టుకున్నవాళ్ళు నాకు తెలిసి తక్కువ.

మెచ్చుకోవడానికే పిలిచినా నచ్చనివి చెప్పకపోతే పెద్దరికం చెల్లదు. ప్రకాశం బ్యారేజీ మీద సూర్యాస్తమయాలు మూడున్నాయి, ఒకటి చాలు. వానలో తాటాకు గొడుగు పట్టుకున్న పిల్లలు అవార్డుల కోసం పుట్టినట్టుంటారు, వాళ్ళనీ ఇక వదిలేయొచ్చు. పన్నెండుమందిలో ఒక్క ఆడమనిషీ లేదు. హొమాయ్ వ్యారావాలా దిల్లీలో సైకిలేసుకుని తిరుగుతూ పత్రికలకి ఫొటోలు తీసింది 1940ల్లో. మన పత్రికలు అమ్మాయిల చేతికి కెమెరా ఇవ్వడానికి ఎన్నేళ్ళు పట్టిందో, ఇచ్చాక ఏ పేజీకి పరిమితం చేశాయో ఈ పుస్తకం చూసినవాళ్ళు అడుగుతారు. జవాబు వీళ్ళది కాదు, మా బోటి వాళ్ళది. జిల్లాల కంట్రిబ్యూటర్ల ఫొటోలు కొన్ని 'తీసినవారు తెలియదు' అని వేశారు. పాత జీతాల రిజిస్టర్లు, లైన్ అకౌంట్ పుస్తకాలు ఎక్కడైనా మిగిలి ఉంటే వెతకండి. ఏ తేదీన ఏ ఊరివాడికి ఫొటోకి డబ్బు చెల్లించారో వాటిలో ఉంటుంది.

ప్రదర్శన హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ పెడతామన్నారు. పెట్టండి. అక్కడితో ఆపొద్దు. నేపాల్ అంతర్యుద్ధం ముగిశాక కుంద దీక్షిత్ అనే పాత్రికేయుడు అక్కడి ఫొటోగ్రాఫర్లందరి పనీ కలిపి 'ఎ పీపుల్ వార్' అని పుస్తకం తెచ్చి, ఆ ఫొటోల్ని ఊరూరా తిప్పాడు. చూడటానికి వచ్చినవాళ్ళు యుద్ధం దెబ్బ తిన్న ఊళ్ళవాళ్ళే. మన ఫొటోలు కూడా చీరాల పోవాలి, 2009 వరద చూసిన కర్నూలు పోవాలి. అక్కడికి ఫ్రేములు కట్టిన ప్రింట్లు అక్కర్లేదు. ఫ్లెక్సీ మీద వేయించి చుట్ట చుట్టి పట్టుకుపోవచ్చు. హైస్కూలు వరండా చాలు. కంటి ఎత్తుకి కాకుండా ఒక అడుగు కిందికి కట్టండి, వచ్చేవాళ్ళలో ముసలివాళ్ళు, పిల్లలే ఎక్కువుంటారు. ప్రతి ఫొటో పక్కన దారం కట్టి ఒక నోటుపుస్తకం, పెన్ను వేలాడదీయండి. ఫొటోలో ఉన్నదెవరో తెలిసినవాళ్ళు రాస్తారు, రాయడం రానివాళ్ళ మాట మీలో ఒకరు నిలబడి రాసుకోండి. రెండో ముద్రణకి క్యాప్షన్లు అక్కణ్ణించి తీసుకోవచ్చు.

నాగాయలంకకి మాత్రం నవంబర్ 19 లోపు చేరేలా చూసుకోండి. ఏడో ఫ్రేము ముందు వరసలో పెట్టండి. ఆ గట్టు మీద కూర్చున్నాయన తాలూకు ఎవరైనా వస్తే, ఆ కాగితాలు ఏమిటో, ఆరాక పనికొచ్చాయో లేదో అడిగి నాకు ఫోన్ చేయండి.